నాలుగు వందల పన్నెండు ‘వస్తా’లు

ఉదయం తొమ్మిదిన్నరకి నూకరత్నాన్ని ఆటలోంచి తీసేశారు.

తీసింది తెర మీదనే. అయినా మాణిక్యాంబకి ఒళ్ళు జలదరించింది. గోడంత తెర మీద పదిమంది ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. పసుపు చొక్కాల వాళ్ళు కాకినాడ కెరటాలు, ఎర్ర చొక్కాల వాళ్ళు భీమిలి జట్టు. పెద్దమ్మగా మాణిక్యాంబ పెంచిన రామశేషు మీట నొక్కాడు. పసుపు చొక్కాల్లో పదకొండో నెంబరు పిల్ల, పరిగెడుతున్నది పరిగెడుతున్నట్టే, మాయమైపోయింది. ఆమె ఉన్న చోట మొహం లేని బూడిదరంగు ఆకారం ఒకటి లేచి నిలబడింది. ఆట ఏమీ ఎరగనట్టు మళ్ళీ సాగింది.

ఆ యంత్రాన్ని ప్రయోగశాలలో అందరూ ‘లేకుంటే’ అని పిలుస్తారు. ఒక ఆటగత్తెని తీసేసి, ఆమె బదులు ఓ మాదిరిగా ఆడే మనిషిని నిలబెట్టి, జరిగిపోయిన ఆటని పదివేల సార్లు మళ్ళీ ఆడించి చూస్తుందది. బంతిని బుట్టలో వేసినవాళ్ళని లెక్కపెట్టడం చిన్నపిల్లలకైనా చేతనవును. వెయ్యనివ్వకుండా ఆపినవాళ్ళని ఎలా లెక్కపెట్టాలి? పడని బంతి ఏ కాయితంలోనూ కనబడదు. ఆ పిల్ల లేకుంటే ఎన్ని పడేవో చూస్తేనే ఆమె ఎన్ని ఆపిందో తెలుస్తుంది. రామశేషు కనిపెట్టింది అదే. నాలుగేళ్ళ నుంచి దాని చుట్టూ తిరుగుతూ పెళ్ళి మాటెత్తితే విసుక్కుంటున్నాడు.

తెర అడుగున అంకె పడింది. మైనస్ నాలుగు పాయింట్ ఒకటి.

“అంటే ఏంటిరా శేషూ?” అంది మాణిక్యాంబ. తెలిసే అడిగింది.

“అంటే ఈ అమ్మాయి ఉన్నందుకు మ్యాచికి నాలుగు పాయింట్లు మనమే అవతలివాళ్ళకి ఇస్తున్నాం దొడ్డా. దారిన పోయేవాళ్ళని తెచ్చి నిలబెట్టినా ఇంతకంటే నయం.”

“కోచ్ ఏమంటోంది?”

“నా కళ్ళకి బాగానే ఆడుతోందండీ అంటోంది. కళ్ళదేముంది! నా మిషను మూడొందల కళ్ళతో చూస్తోంది.”

సాయంత్రం అయిదు లోపల పదమూడు మందిలో ఒకరిని తీసేసి పన్నెండు పేర్లు పంపాలి. తీర లీగు నిబంధన అది. కిందటేడు వరకు ఆ పేరు కోచ్ చెప్పేది. ఈ ఏడు మిషను చెబుతుందని జట్టు ఛైర్మన్ కొండబాబు గారు పేపర్లో వేయించుకున్నారు కూడా. సోమవారం లీగు వాళ్ళు వచ్చి చూసి, నచ్చితే ‘లేకుంటే’ని ఏడు జట్లకీ పెట్టిస్తారు.

మాణిక్యాంబ తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఇలాంటి చోట బల్ల ఎందుకంటే, ఆవిడ చెవుల కోసం. కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు పని చేసిందావిడ. గీమనే లైన్లలో, సగం తెగిన మాటల్లో, అవతల ఎవరున్నారో, ఏడుస్తున్నారో, నవ్వాపుకుంటున్నారో ఇట్టే పట్టేసేది. ఆట జరిగే చోట ప్రతి పిల్ల మెడ దగ్గరా శనగగింజంత మైకు ఉంటుంది. బూట్ల కీచు, జనం కేకలు, ఈల, వీటన్నిటి మధ్య ఆడపిల్లలు ఒకరికొకరు అరిచే ఒక్కో మాటని ఏ మిషనూ పోల్చుకోలేకపోయింది. మాణిక్యాంబ పోల్చుకుంది.

ఆ మాటలే లేకపోతే ‘లేకుంటే’కి కాళ్ళూ చేతులూ ఆడవు. ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్కనే నిలబడ్డప్పుడు ఎదుటి జట్టులో ఎవరిని ఎవరు కాస్తున్నారో కంటితో చూసి చెప్పలేం. వాళ్ళ నోటి మాట చెబుతుంది. “ఉన్నా!” అంటే ఈమె నాది, నేను చూసుకుంటా అని. “మార్చు!” అంటే నువ్వు నా మనిషిని పట్టుకో, నేను నీ మనిషిని పట్టుకుంటా అని. మాణిక్యాంబ ఒక్కో మాట విని గడిలో వేస్తుంది. ఆ గడిని బట్టి, బంతి బుట్టలో పడినప్పుడు తప్పు ఎవరిదో మిషను తేలుస్తుంది.

పదిన్నర కావస్తుండగా తలుపు తోసుకుని ఇద్దరు పిల్లలు లోపలికి వచ్చారు. ముందు సలోమి, వెనక నూకరత్నం. సాధన మధ్యలో వచ్చినట్టున్నారు, ఇద్దరి చొక్కాలూ తడిసి ఉన్నాయి.

“ఏమండీ శేషు గారూ, మా దాన్ని మాయం చేశారంట కదా!” అంది సలోమి. “ఆ మీట ఓసారి నాకివ్వండి. మా హాస్టల్ వార్డెను మీద నొక్కి ఇచ్చేస్తాను.”

“నోర్ముయ్యవే,” అంది నూకరత్నం నవ్వకుండా. పొడుగ్గా, సన్నగా, చేపల వలలా ఎప్పుడూ ఏదో ఒక వైపుకి లాగబడుతున్నట్టు నిలబడుతుందా పిల్ల. “అడుగునున్నది నా పేరేనాండి?”

రామశేషు తెర వంకే చూస్తూ, “ఇంకా పంపలేదమ్మా. అయిదింటికి,” అన్నాడు.

“మైనస్ అంటే... నేను లేకపోతేనే బాగుంటదనా అండి?”

“జట్టు లెక్క అది. నీ మీద కోపమేం లేదు.”

“కోపమైతే నయమండి. ఎందుకొచ్చిందో అడిగి కాళ్ళు పట్టుకుందును.” ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. “ఉప్పాడలో మా ఇల్లు సముద్రంలో పోయిందండి. మా అమ్మ, నేనూ ఇప్పుడు జట్టు క్వార్టర్సులో ఉంటున్నాం. నా పేరు పోతే ఆ గదీ పోతది. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పండి, మానుకుంటాను. ఎవరైనా కష్టంలో ఉంటే వెళ్ళి అడ్డం పడతన్నాను. అది తప్పాండి?”

“నువ్వు వదిలేసి వచ్చినావిడ బంతి వేస్తోంది కదా,” అన్నాడతను.

“అది నేను చూసుకుంటానండీ,” అంది సలోమి, వేళాకోళం మానేసి. “నేను వెనకాల ఉంటాను. అది అరవగానే దాని మనిషిని నేను పట్టుకుంటాను. మూడేళ్ళ బట్టి అలాగే ఆడతన్నాం.”

రామశేషు తల అడ్డంగా ఊపాడు. మిషను అలా చెప్పటం లేదు మరి.

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు. నూకరత్నం మాణిక్యాంబ బల్ల దగ్గర ఆగి, “వస్తా మామ్మగారూ,” అంది.

“మంచిది తల్లీ,” అంది మాణిక్యాంబ అలవాటు కొద్దీ.

తలుపు మూసుకుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు దిగి దిగి ఆగిపోయింది. మాణిక్యాంబ చేతిలో కలం అలాగే ఉండిపోయింది. వస్తానని చెప్పి ఆ పిల్ల వెళ్ళిపోయింది.

వస్తానని చెప్పి, వెళ్ళింది.

ఆవిడ కలం పక్కన పడేసి సొరుగు లాగింది. నాలుగేళ్ళ నాటి మొదటి పట్టిక అడుగున ఉంది. మిషనుకి మాటల అర్థాలు నేర్పడానికి తన చేత్తో తనే రాసింది. ఒక పక్క మాట, ఎదురుగా రెండు గడులు. వెళ్తోంది. వస్తోంది. ‘వస్తా’ అన్న మాటకి ఎదురుగా ‘వస్తోంది’ గడిలో నల్ల సిరాతో గుండ్రంగా సున్నా చుట్టి ఉంది.

పొరపాటున చుట్టింది కాదది. ఆ రోజు కలం ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో ఆవిడకి బాగా గుర్తుంది.

ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టేవాళ్ళెవరూ పోతున్నానని అనరు, వెళ్తున్నానని అనరు. వస్తానంటారు. పొరపాటున ఎవరైనా పోతానంటే ఇంట్లో పెద్దవాళ్ళు కసురుతారు. ఈ ఆడపిల్లలూ ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళే. తను కాస్తున్న మనిషిని వదిలేసి, బుట్ట వైపు దూసుకుపోతున్న ఇంకొకామెకి అడ్డం పడటానికి ఉరికేటప్పుడు, వెనకున్న తోడు ఆటగత్తెకి తెలియజెప్పాలి. ఇంగ్లీషు జట్లలో దానికేదో మాట ఉందట. మన పిల్లల నోటికి వచ్చేది ఒకటే. “వస్తా!”

అది వెళ్ళిపోతున్న కేక. ముప్పై ఏళ్ళు ట్రంకు కాల్సు విన్న మనిషికి ఆ సంగతి తెలియక కాదు. మూడు నిముషాలు అయిపోయి లైను తెగబోతుంటే రెండు వైపులా జనం అనే ఆఖరి మాట అదే. పట్టిక రాస్తున్న రోజున మాత్రం ఆవిడ చెవిలో వినబడింది ఆ పిల్లల గొంతు కాదు. తన చెల్లెలు సువర్ణ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, “వస్తా అక్కా, పిల్లాడు లేస్తే పాలు పట్టు,” అన్న గొంతు. ఏరు దాటే పడవ మునిగి సువర్ణ రాలేదు. ఆ పిల్లాడే రామశేషు. ‘వస్తా’ అన్నమాట పక్కన తన చేత్తో ‘వెళ్తోంది’ అని రాయడానికి మాణిక్యాంబకి చెయ్యి రాలేదు. ఆటేగా, ఏ గడిలో వేస్తే ఏమైంది అనుకుంది.

ఏమైందో ఇప్పుడు చూడాలి. చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని భీమిలి మ్యాచి పెట్టింది. పదకొండో నెంబరు గొంతు, “వస్తా!” ఎర్ర చొక్కా పిల్ల ఒకతె బంతితో బుట్ట కిందికి దూసుకొచ్చింది. నూకరత్నం తన మనిషిని వదిలి అడ్డం పడింది. ఎర్ర చొక్కా పిల్ల బంతి వెయ్యలేక పక్కకి విసిరింది. నూకరత్నం వదిలేసిన మనిషి చేతికి వెళ్ళిందది. సలోమి రెండడుగుల దూరంలో ఉండి చెయ్యి పైకెత్తే లోపల బంతి బుట్టలో పడింది. తెర పక్కన మిషను రాసిన వాక్యం కదిలింది. ‘పదకొండు: తన మనిషి దగ్గరికి వస్తానని ప్రకటించింది, రాలేదు, తప్పు పదకొండుది.’ బుట్ట కింద ఆపిన ఆ మొదటి దానికి? ఎవరి పేరూ లేదు. ‘ఎదుటి ఆటగత్తె మనసు మార్చుకుంది’ అని ఉంది.

ఇంకోటి పెట్టింది. ఇంకోటి. అన్నీ అంతే. మిగతా పిల్లలు ఏడాదంతా కలిపి ఒక్కొక్కరు యాభై సార్లు అలా ఉరికి ఉంటే, నూకరత్నం నాలుగు వందల పన్నెండు సార్లు ఉరికింది. ఎవరి కష్టానికైనా పరిగెత్తే పిల్ల కాబట్టి అందరికంటే ఎక్కువ తప్పులు దాని నెత్తినే పడ్డాయి.

వెంటనే లేచి చెప్పవలసింది. లేచింది కూడా. రెండుసార్లు రామశేషు బల్ల దాకా వెళ్ళి, ఒకసారి ఫ్యాను తగ్గించమని, ఇంకోసారి కళ్ళజోడు కనిపించిందా అని అడిగి వచ్చేసింది. కళ్ళజోడు మొహం మీదనే ఉంది.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలా కిటికీ పక్కన క్యారియర్ విప్పుకున్నారు. గోంగూర పప్పు, వడియాలు. కింద పిల్లల సాధన చప్పుడు వినబడుతోంది. రామశేషు మంచి హుషారుగా ఉన్నాడు.

“సోమవారం నిన్ను కూడా పరిచయం చేస్తాను దొడ్డా లీగు వాళ్ళకి. మా మిషనుకి చెవులు ఈవిడేనండీ అని.”

“శేషూ,” అందావిడ. “ఆ చెవులు అబద్ధం చెప్పాయిరా.”

అతను వడియం కొరుకుతూ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఆగకుండా చెప్పేసింది. గడి గురించి, కలం ఆగడం గురించి, గుమ్మం గురించి. అమ్మ పేరు విన్నప్పుడు అతని చెయ్యి పప్పన్నంలో ఆగింది.

“ఎన్ని?” అన్నాడు.

“ఈ పిల్లవే నాలుగు వందల పన్నెండు. అందరివీ కలిపి వెయ్యి దాటతాయి.”

“నాలుగేళ్ళుగా చూస్తున్నావు. ఒక్కరోజు కూడా అనిపించలేదా?”

“రోజూ అనిపించేది. కూడికల్లో కలిసిపోతుంది అనుకునేదాన్ని.”

“కలిసిపోదు దొడ్డా!” అతను కంచం అవతలికి తోశాడు. “ఏదీ కలిసిపోదు! దాని మీదే మొత్తం కట్టాను. సోమవారం వాళ్ళకి ఏం చూపించను? మా పెద్దమ్మకి శకునాల పట్టింపండీ, అందుకని లెక్క తప్పిందండీ అని చెప్పనా?”

ఆవిడ పెంచిన చేత్తో ఆ కంచాన్ని దగ్గరికి జరిపింది. అతను తినలేదు. కాసేపటికి తనే తేరుకుని, లెక్కలవాడి గొంతుతో, “సరే. తిరగేస్తే సరిపోతుంది. వస్తోంది అని ఉన్న చోటల్లా వెళ్తోంది అని మార్చేస్తాను. అరగంట పని,” అన్నాడు.

“కుదరదురా. కొన్నిసార్లు నిజంగా వస్తూనే అరుస్తారు. సాయానికి వస్తున్నప్పుడు కూడా అదే మాట.”

“మరి తేడా ఎలా తెలుస్తుంది?”

“వచ్చేవాళ్ళు సాగదీస్తారు. వెళ్ళేవాళ్ళు తుంచేస్తారు. విని చెప్పాల్సిందే.” మాణిక్యాంబ గొంతు సవరించుకుంది. “ఇంకోటి. రెండు గడులు చాలవు. మూడోది కావాలి.”

“ఏమని?”

“వెళ్ళి వచ్చేది అని.”

“ఒక మనిషి ఒకే క్షణంలో రెండు దిక్కులకి వెళ్ళదు దొడ్డా.”

“మనవాళ్ళు వెళ్తారురా. ఆ మాటకి అర్థమే అది. నేను వెళ్తున్నా, ఈ మనిషిని కాసేపు చూసుకో, మళ్ళీ నేనే పట్టుకుంటా అని. అక్కడ ఆపి, తిరిగి తన మనిషి దగ్గరికి చేరాక ‘ఉన్నా’ అని అరుస్తారు. ఆ రెండు కేకల మధ్య ఎన్ని క్షణాలో, అసలు రెండో కేక వచ్చిందో లేదో, అది రాయాలి. నీ మిషను అడగాల్సిన ప్రశ్న అది. వెళ్ళిందా అని కాదు, వెళ్ళి వచ్చిందా అని.”

రామశేషు లేచి చెయ్యి కడుక్కుని పట్టికలో మూడో గడి చేర్చాడు. అప్పటికి ఒంటిగంటా పదిహేను.

మాణిక్యాంబ కూర్చుంది. మొదటి మ్యాచి నుంచి వరసగా. ఒక్కో కేక విని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, రాసింది. వెళ్ళింది, వచ్చింది. వెళ్ళింది, వచ్చింది. నాలుగేళ్ళ కింద ఒక్కసారి రాయలేకపోయిన మాటని ఇప్పుడు వందల సార్లు రాయాలి. మొదటి ఇరవై ముప్పై రాసేటప్పుడు ప్రతిసారీ లోపల కలుక్కుమంది. ఆ తరవాత బాధపడటానికి తీరిక లేకపోయింది. నూకరత్నం వెళ్ళిన ప్రతిసారీ, రెండు మూడు క్షణాల్లో, ఊపిరి అందకుండా ఉన్నా సరే, ఎక్కడినుంచో “ఉన్నా!” అని వినబడుతుంది. ఆ రెండో కేక కోసం ఆవిడ కుర్చీ అంచుకి జరిగి కూర్చునేది.

రెండున్నర అయింది. మూడున్నర అయింది. టీ చల్లారిపోయింది. చెవులు మండుతున్నాయి. రామశేషు పది నిముషాలకోసారి వెనకాల వచ్చి నిలబడి ఏమీ అడక్కుండా వెళ్తున్నాడు.

నూట డెబ్భై దాటాక ఆవిడకి ఇంకో సంగతి తగిలింది. సలోమి కూడా వెళ్తుంది, నూకరత్నమంత కాకపోయినా. సీజను మొదట్లో వెళ్ళిన ప్రతిసారీ వచ్చింది. ఫిబ్రవరి మ్యాచిలు మొదలయ్యాక, “వస్తా!” అంటుంది. రెండో కేక లేదు. మాణిక్యాంబ వెనక్కి తిప్పింది. లేదు. ఆమె వదిలిన మనిషిని పక్కనెవరో కాస్తున్నారు, సలోమి ఉన్నచోటే ఉండిపోతోంది. మూడో గడి దగ్గర కలం ఆగింది. పొద్దున్న ఆ పిల్ల వేళాకోళాలు, “అది నేను చూసుకుంటానండీ” అని తోడు పడటం, అన్నీ ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. ఈ గడిలో ‘రాలేదు’ అని వేస్తే ఎవరి పేరు అడుగుకి జారుతుందో చెప్పడానికి మిషను అక్కర్లేదు.

ఒకసారి దయతలచి రాస్తే ఏమైందో చూసింది కదా. ‘రాలేదు’ అని రాసింది. తరవాతది కూడా రాలేదు.

నాలుగున్నరకి రామశేషు ఇక ఆగలేక, అయినంతవరకు మిషనుకి ఎక్కించాడు. తెర మీద మళ్ళీ ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమవడం, బూడిదరంగు ఆకారం లేవడం మొదలైంది. మాణిక్యాంబ చూడలేక బల్ల వంక తిరిగి కూర్చుంది.

“దొడ్డా, ఇలా చూడు.”

పొద్దున్న నూకరత్నం పేరు పక్కన సూదిమొనలా సన్నటి గీత, మైనస్ నాలుగు దగ్గర. ఇప్పుడక్కడ గీత లేదు. ఈ చివర్నించి ఆ చివరికి పొగలా పరుచుకుని ఉంది.

“మైనస్ రెండు కావచ్చు, ప్లస్ ఏడు కావచ్చు అంటోంది. జట్టులో అందరికంటే గొప్ప కాపలాదారు కావచ్చు, మామూలు పిల్లా కావచ్చు. సగమే విన్నాం కదా, చెప్పలేనంటోంది.” అతను వేలు కిందికి జరిపాడు. “కానీ ఇది చూడు.”

సలోమి పేరు. మైనస్ అయిదు నుంచి మైనస్ ఒకటి.

“మొత్తం సున్నాకి కిందే ఉంది. ఈ అమ్మాయి విషయంలో మిషనుకి అనుమానం లేదు.” గడియారం చూసి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. “పేరు మారుస్తే సరిపోతుంది. లెక్క సరిదిద్దాం అని సోమవారం వాళ్ళకి చెప్పుకోవచ్చు కూడా.”

“పొద్దున్న కూడా దానికి అనుమానం లేదు కదరా,” అంది మాణిక్యాంబ.

అతను ఫోను కిందికి దించాడు.

“పొద్దున్న తప్పు విని ఒక పిల్లని తీసేయబోయాం. ఇప్పుడు సగం విని ఇంకో పిల్లని తీసేద్దామా? ఆ పిల్ల ఎందుకు రావటం లేదో నీ గీతలో ఉందా?”

కింద ఈల మోగింది. నాలుగూ యాభై రెండు. రామశేషు చిన్నప్పటినుంచి పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా వదిలి రానివాడు. తెలియకపోయినా ఏదో ఒకటి రాసి వచ్చేవాడు. ఫోనులో నెంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

“చెప్పవయ్యా, ఎవరి పేరు?” అన్నారు కొండబాబు గారు. వెనకాల కారు హారన్లు వినబడుతున్నాయి.

“తెలీదండి.”

“ఏంటీ?”

“నాకు తెలీదండి. మిషనుకి తప్పు లెక్కలు నేర్పాను. సరిచేస్తున్నాను. ఇవాళ్టికి ఏ పేరు చెప్పినా ఊహించి చెప్పినట్టే.”

“తెలీదని చెప్పడానికి మనిషి చాలు కదయ్యా, మిషనెందుకు? పేపర్లో వేయించుకున్నాన్నేను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“తప్పు నాదేనండి.”

“తెలీనప్పుడు పిల్లల్ని తీసి వాళ్ళ ఉసురు పోసుకోలేను. పదమూడు మందినీ ఉంచమని లీగు వాళ్ళతో నేను దెబ్బలాడతాను, జరిమానా కడతాను. కానీ నీ ‘లేకుంటే’ ఇక నాకక్కర్లేదు. సోమవారం వాళ్ళని రావద్దని చెప్పేస్తాను. నెలాఖరుకి ఆ గదులు ఖాళీ చెయ్యి.”

లైను తెగింది. నాలుగేళ్ళ పని అంత తొందరగా అయిపోయింది. మాణిక్యాంబకి అతని మొహంలోకి చూసే ధైర్యం చాలలేదు. అతను లేచి వెళ్ళిపోతాడనుకుంది. ఎంత దూరం వెళ్ళినా కాదనే హక్కు తనకి లేదనుకుంది.

అతను లేచి కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి ఆవిడ పక్కనే వేసుకున్నాడు. రెండో జత ఇయర్‌ఫోన్లు తీసి దులిపాడు.

“ఎక్కడిదాకా వచ్చావు?”

“నూకరత్నానివి రెండు వందల ముప్పై ఒకటి. ఇంకెందుకురా, ఎవరికి కావాలి?”

“ఆ సలోమి ఎందుకు రావటం లేదో గీతలో ఉందా అన్నావుగా. గీతలో లేదు. వినబడుతుందేమో చూద్దాం, పెట్టు.”

ఈ నాలుగేళ్ళలో అతను ఆ చప్పుళ్ళు ఒక్కసారీ వినలేదు. అతను చూసిందల్లా వాటిలోంచి దిగిన అంకెలే. మొదట్లో ఆ గోలకి మొహం చిట్లించాడు. మెల్లిగా కళ్ళు మూసుకున్నాడు. అతని వేలు బల్ల మీద ఆడటం మొదలుపెట్టింది. టక్, టక్. టక్, టక్. మాటలు విడదీయడం చేతకాకపోయినా లయ పట్టగలడు, లెక్కలవాడు కదా. జనవరి మ్యాచి పెట్టమన్నాడు. వేలు సమంగా ఆడింది. ఫిబ్రవరిది పెట్టమన్నాడు. ఆడుతున్న వేలు తడబడింది. టక్, ట. టక్, ట.

“దొడ్డా, కుడికాలు నిండుగా పడుతోంది. ఎడమది సగమే పడుతోంది.”

మాణిక్యాంబ మళ్ళీ విన్నది. ఇన్నాళ్ళూ నోటి మాటలే విన్నది తప్ప, వాటి కింద ఉన్న అడుగుల చప్పుడు వినలేదు. నిజమే. అడుగు వెయ్యడానికి భయపడుతున్న కాలు.

“తిరిగి రావాలంటే ఆ కాలి మీద తిరగాలి,” అన్నాడతను. “అందుకని తిరగటం లేదు.”

ఇయర్‌ఫోన్లు బల్ల మీద పడేసి బయటికి వెళ్ళాడు. మెట్లు రెండేసి చొప్పున దిగుతున్న చప్పుడు. మాణిక్యాంబ పాత మ్యాచి ఆపి, కింద ఇప్పుడు నడుస్తున్న మైకుల మీట నొక్కింది. పిల్లల అరుపులు, బంతి దబ్ దబ్‌మని. అంతలో తలుపు చప్పుడు, అతని గొంతు, ఆయాసంతో.

“సలోమీ, బంతి అక్కడ పెట్టి ఇలా రా తల్లీ. ఆ ఎడమ మోకాలు చూపించు.”

“ఏం లేదండీ. మెట్లు దిగుతుంటే కాస్త బెణికింది.”

“ఎప్పుడు?”

ఒకరి తరవాత ఒకరి బూట్ల కీచులు ఆగిపోయాయి.

“ఫిబ్రవరిలోనా?”

“చెప్తే తీసేస్తారనండీ,” అంది సలోమి. ఆ గొంతులో వేళాకోళం మచ్చుకైనా లేదు.

“నాక్కూడా చెప్పలేదేమే!” అని నూకరత్నం అరిచింది. “మూడేళ్ళ బట్టి పక్కపక్కనే ఆడతన్నాం కదే! నాకు కూడానా?”

ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. ఇద్దరిలో ఎవరో పోల్చుకుందామని మాణిక్యాంబ ఇయర్‌ఫోన్లని చెవులకి గట్టిగా అదుముకుంది. తెలియలేదు. చేతిలోంచి జారిన బంతి ఒకటి, ఆపేవాళ్ళు లేక, గోడదాకా దొర్లుకుంటూ పోతున్న చప్పుడు మాత్రం వినబడింది.